రాజు లేని చోటు

ఆఫ్రికా నడుము దాకా వచ్చేసరికి ఇన్నయ్యకి ఆకలేసింది.

"కోడలా, మిగతా సగం అన్నం తిన్నాక వేద్దాం. ఖండం యాడికీ పోదులే," అని నిచ్చెన మీదనుంచే కేకేశాడు.

"సహారా అయిందాకా దిగేది లేదు మావయ్యా."

"సహారా అంటే ఇసకేగా! ఇసక్కి రంగెందుకు? వాగులోనించి తట్టెడు తెచ్చి, బంకేసి కొడితే సరిపోద్ది."

కింద ప్రిస్కిల్లా ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుని నవ్వకుండా నిలబడింది. నవ్వితే ఆయన నిజంగానే దిగిపోతాడు. ఆ ఊరి హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. ఇన్నయ్య ఆమెకి సొంత మేనమామ. నరసరావుపేట చుట్టుపక్కల గోడలమీద పార్టీ గుర్తులు వేసి వేసి గట్టిపడిన చెయ్యి ఆయనది. పొద్దున ఒక గుర్తు వేసి వాళ్ళ టీ తాగి, సాయంత్రం పక్కగోడ మీద దాని పగవాడి గుర్తు వేసి వాళ్ళ టీ కూడా తాగొచ్చే రకం. ఎన్నికలు లేని రోజులు కాబట్టి మేనకోడలు పిలవగానే వచ్చి, బడి వరండా గోడమీద ఆఫ్రికా వేస్తున్నాడు.

వేసేది ఇప్పటి ఆఫ్రికా కాదు. తెల్లవాళ్ళు పటాన్ని బల్లమీద పరుచుకుని గీతలు కొట్టకముందటి ఆఫ్రికా. వలస పాలన పాఠం అయిపోయిన రోజు తొమ్మిదో తరగతి చందన లేచి, "అంతకు ముందు వాళ్ళని ఎవరు ఏలారు మేడం?" అని అడిగింది. ప్రిస్కిల్లా రేపు చెప్తానంది. ఆ రేపటి కోసం దసరా సెలవులన్నీ కూర్చుని చదివింది. సెలవులయ్యాక హెడ్మాస్టరు ఉపేంద్రగారు స్టాఫ్‌ని పిలిచి, శనివారం జిల్లా నుంచి ఆఫీసరుగారు వస్తున్నారు, వరండా గోడమీద ఏదైనా కళగా వేయించాలి అన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది.

గోడ నిండా చదరాలు కొట్టి, ఒక్కో చదరంలో సుద్దతో గీసి ఇచ్చింది. ఇన్నయ్య రంగు నింపుతున్నాడు. మొదటిరోజు ఒక చిక్కొచ్చింది. పార్టీ గుర్తులకి అలవాటు పడ్డ చెయ్యి కదా, ఒక్కో రాజ్యం చుట్టూ చేలగట్టు వేసినట్టు నల్లగీత బిగించేశాడు. ప్రిస్కిల్లా ఆ గీతలన్నీ తుడిపించింది.

"హద్దు లేకుండా రాజ్యమేంది కోడలా? రేపు తగాదా వస్తే ఎమ్మార్వో ఏం చూసి కొలవాల?"

"అట్టా గీత గీసుకుని ఏలలేదు మావయ్యా వాళ్ళు. ఊరికి దూరమయ్యేకొద్దీ రాజు మాట పలచబడుతుంది. రంగు కూడా అట్టాగే పలచబడాలి."

"మీ అత్త మాట అట్టా పలచబడదే! నేను వినుకొండలో ఉన్నా చిక్కగానే తగులుద్ది."

అని గొణుక్కుంటూనే గుడ్డముక్క తడిపి, రంగు అంచుల్ని వేలితో అద్ది అద్ది పలచన చేశాడు. అది మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. పసుపు ఎక్కడ ఆగిందో, ఎరుపు ఎక్కడ మొదలైందో చెప్పలేం.

ప్రతి రాజ్యం కిందా ఏలుబడి ఎట్లా సాగేదో రెండు ముక్కలు రాయాలి. అక్షరాలు రాస్తూ ఇన్నయ్య పైకి చదివేవాడు. అసాంతేల బంగారు పీట దగ్గర ఆగాడు. "రాజు కూడా దానిమీద కూర్చోకూడదా? మరెందుకు పీట? మావాళ్ళు కుర్చీ కోసం చొక్కాలు చింపుకుంటారే!" ఒయో దగ్గర ఇంకాసేపు ఆగాడు. అక్కడ రాజు అడ్డం తిరిగితే పెద్దల సభవాళ్ళు ఆయనకి చిలకగుడ్లు పంపేవాళ్ళు. ఇక నీ ప్రాణం నువ్వే తీసుకోమని దానర్థం. "గుడ్లతో పోయేదానికి మనం ఐదేళ్ళు ఆగతన్నాం," అన్నాడు. జింబాబ్వేలో సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన గోడలని చదివి, "పిడుగురాళ్ళ సున్నపు బట్టీలోళ్ళకి చెప్పమాక, గుండాగి పోతారు," అన్నాడు.

ఉపేంద్రగారు వచ్చింది అప్పుడే. చేతులు వెనక్కి కట్టుకుని పైనుంచి కిందికి చూశారు. మెచ్చుకోలుగా తలూపారు. తలూపుతూ ఊపుతూ ఒకచోట ఆగారు.

"ఇదేంది మేడం, ఇక్కడ పన్నూడినట్టుంది?"

పడమటి తీరం లోపలికి వంగే మూలన, ఒయో పసుపుకి పక్కన, అరచెయ్యంత తెల్లగా వదిలేసి ఉంది.

"అక్కడ ఇగ్బోలు ఉండేవాళ్ళు సార్. వాళ్ళ ఊళ్ళల్లో చాలావాటికి రాజు లేడు."

"రాజు లేకపోతే మంత్రి ఉంటాడుగా. ఆయన పేరు రాయండి."

"మంత్రీ లేడు సార్. ఊరంతా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు ఒక పక్క, ఒకే ఈడువాళ్ళంతా ఒక జట్టు, ఆడవాళ్ళకి వేరే సభ..."

"ఊరంతా కూర్చుంటే తేలుద్దా మేడం? మన పల్నాట్లో నలుగురు కూర్చుంటే ఐదో ఆయన కట్లు కట్టడానికి రావాలి." ఉపేంద్రగారు తన మాటకి తనే నవ్వి, వెంటనే నవ్వు మానేశారు. "ఆఫీసరుగారి కన్ను ముందు ఖాళీ మీదే పడుద్ది. పని ఎగ్గొట్టారనుకుంటారు. ఏదో ఒక రాజుని పెట్టండి. ఆఫ్రికానుంచి ఎవరొచ్చి చెక్ చేస్తారు?"

"సార్, 'ఉపేంద్ర సామ్రాజ్యం' అని రాద్దామా?" నిచ్చెన మీదనుంచి ఇన్నయ్య వినయంగా అడిగాడు. "సైజు కూడా సరిగ్గా మన బడంతే ఉంది."

ఉపేంద్రగారు ఆయనవైపు చూడలేదు. "శుక్రవారానికి అక్కడ పేరుండాలి మేడం. లేదంటే గోడంతా సున్నం కొట్టించి సూక్తులు రాయిస్తా. సూక్తులకైతే ఖాళీలుండవు."

*

మర్నాడు ప్రిస్కిల్లా తొమ్మిదో తరగతిని వరండాలో గోడముందు కూర్చోబెట్టింది. పాఠం కంటే పటం చూస్తే పిల్లలకి నోరు తొందరగా లేస్తుంది. మగపిల్లలకి జింబాబ్వే కోట నచ్చింది. ఆడపిల్లలకి చిలకగుడ్లు నచ్చాయి. చందనకి మాత్రం తెల్లటి చోటు నచ్చింది.

"రాజు లేకపోతే తప్పు చేసినోడిని ఎవరడుగుతారు మేడం?"

చందన వాళ్ళమ్మ మిరప కల్లాల్లో తొడిమెలు తీసే పనికి పోతుంది. ఆ పిల్ల ప్రశ్న వేసేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తుంది. చూసి, జవాబు వచ్చిందాకా కూర్చోదు.

"ఎవరికి తప్పు జరిగితే వాళ్ళే అడుగుతారు," అంది ప్రిస్కిల్లా. "అక్కడి ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ఎవరన్నా మగవాడు పెళ్ళాన్ని కొట్టాడనుకో, సంతలో ఆడవాళ్ళని ఇబ్బంది పెట్టాడనుకో, ఆడవాళ్ళంతా కబురు పెట్టుకుని వాడింటి ముందుకి పోయేవాళ్ళు. దుంపలు దంచే రోకళ్ళు తీసుకుపోయేవాళ్ళు. పోయి వాడు చేసిందంతా పాట కట్టి పాడేవాళ్ళు. రోకళ్ళతో గోడలు బాదేవాళ్ళు. వాడు తప్పు ఒప్పుకుని దిద్దుకునేదాకా కదిలేవాళ్ళు కాదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరేంటంటే, మనిషి మీద కూర్చోవడం."

ఆడపిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. "మా బాబాయి మీద కూర్చోవాల మేడం!" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"తిట్లు కూడా పాడతారా?" అంది చందన.

"ఉన్నదున్నట్టు పాడతారు. దానికంటే తిట్టేముంది?"

నీళ్ళ గంట కొట్టారు. పిల్లలంతా సీసాలెత్తి నీళ్ళు తాగాల్సిన గంట అది. మగపిల్లలు గటగటా తాగారు. ఆడపిల్లలు సీసా ఎత్తి, పెదాలు తడిపి, మూత బిగించారు.

"తాగండే, అట్టా ముద్దు పెట్టుకుంటే దాహం తీరుద్దా?" అంది ప్రిస్కిల్లా. సీసాలు సంచుల్లోకి పోయాయి.

వరండాకి ఎదురుగానే ఆడపిల్లల కొత్త టాయిలెట్లు ఉన్నాయి. గులాబిరంగు గోడలు, తెల్ల టైల్సు, తలుపుకి తాళం. కిందటేడు పాతవి మురికిగా ఉన్న ఫోటో ఒకటి పైకి పోయి, ఉపేంద్రగారికి మెమో వచ్చింది. ఇవి కట్టినప్పటినుంచి ఆయన రోజూ పొద్దున స్వయంగా తాళం తీసి, ఫోటో కొట్టి పైకి పంపి, మళ్ళీ తాళం వేస్తారు. వాడేవాళ్ళు లేకపోతే ఏ గదైనా అద్దంలాగే ఉంటుంది మరి. ఆడపిల్లలు గోడ అవతల పత్తిచేలోకి పోతారు. పత్తిలో కూలీలుంటే అదీ లేదు. మధ్యాహ్నం ఇంటికెళ్ళిన పిల్లల్లో సగంమంది తిరిగి రారు. ప్రిస్కిల్లా జూన్‌లో ఒకసారి హెడ్మాస్టరుని అడిగింది. "చూద్దాం మేడం," అన్నారాయన. మన బళ్ళల్లో చూద్దాం అనే మాటకి గడువుండదు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో మేకుకున్న తాళంచెవి తీసుకుని, వెనకున్న టీచర్ల టాయిలెట్ గదికి పోయొచ్చి, మళ్ళీ మేకుకి తగిలిస్తూ లెక్కల టీచరు నీరజతో అంది:

"అరచెయ్యంత చోటక్కా! అందులో అబద్ధం రాయమంటాడు. నేను రాయను."

"రాస్తే ఏం పోయిందమ్మా? ఏదో ఒక పేరు పడేయ్. ఆయనతో నీకెందుకు?"

"రాజు లేకుండా కూడా మనుషులు బతికారని పిల్లలకి తెలియొద్దా? ఖాళీ అంటే ఏమీ లేనట్టా? ఈయన సున్నం కొట్టిస్తే నేను గోడకి అడ్డం నిలబడతా, చూస్తా ఉండు."

నీరజ చెంగుతో మొహం తుడుచుకుని, "నీలాటోళ్ళే పూర్వం సతీసహగమనాలు చేశారు," అని లెక్కల పేపర్లు ముందుకి లాక్కుంది.

*

శుక్రవారం పొద్దున్నే ప్రిస్కిల్లా హెడ్మాస్టరు గదిలోకి పోయి, కూర్చోకుండానే చెప్పింది. "పేరు పెట్టను సార్."

"అయితే మీ మామని సున్నం కలపమనండి," అన్నారు ఉపేంద్రగారు కూడా తల ఎత్తకుండానే.

సున్నం కలపమంటే ఇన్నయ్య కలిపాడు. ఎంత కలిపినా కలుపుతూనే ఉన్నాడు. ఉపేంద్రగారు వచ్చి అడిగితే, "ఊరాల సార్. సున్నం పచ్చిగా కొడితే రేపు ఆఫీసరుగారు ఆనుకుంటే కోటుకి అంటుకుద్ది," అన్నాడు. ఇంకోసారి అడిగితే, "నురగ తగ్గనీయండి," అన్నాడు. మూడోసారి బ్రష్షు వెతుకుతున్నాడు. బ్రష్షు ఆయన పంచె మడతలోనే ఉంది.

ప్రిస్కిల్లాకి ఆ నాటకం ఎంతోసేపు నడవదని తెలుసు. అన్నాల గంటయ్యాక స్టాఫ్‌రూంలో క్యారేజీ విప్పింది. ఉపేంద్రగారు సున్నం బకెట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో మనసులో వరస కట్టుకుంటోంది. ఆ వరస మధ్యలో బయట కంచం మోగింది.

ఒక కంచం కాదు. స్టీలు కంచాలు, గరిటెలు, కింద బరువుగా దుమ్ముదుమ్మని ఇంకేదో మోత. ఆడపిల్లలంతా వంటపాక దగ్గరనుంచి వరసగా వస్తున్నారు. ముందు చందన. పక్కన వంటచేసే ఆరోగ్యమ్మ. ఆమె భుజాన రోకలి.

ప్రిస్కిల్లా గుమ్మంలోకి వచ్చింది. గుండె పొంగింది. పొంగిన గుండెలోనే ఒక మూల భయం కూడా వేసింది. మనిషి మీద కూర్చోవడం! పిల్లలు నిజంగానే బయల్దేరారు. హెడ్మాస్టరు గది వరండా ఆ చివరన ఉంది. చందన అటు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని చూస్తోంది.

చందన తిరగలేదు. తిన్నగా వచ్చి స్టాఫ్‌రూం మెట్లముందు ఆగింది. "కూర్చోండే," అంది. అందరూ కూర్చున్నారు. ఆరోగ్యమ్మ రోకలి నేలకి ఆనించింది. పాట లేచింది.

"కొత్త గది కట్టిరి, తాళమో తాళం!
టైల్సేసి మెరిపించి, తాళమో తాళం!
ఫోటోకి నవ్వింది, తాళమో తాళం!
మాకేమో మూసింది, తాళమో తాళం!"

తాళమన్న చోటల్లా రోకలి పడుతోంది. తొడిమెలు తీసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే వరస అది. నీరజ అన్నం చేత్తోనే బయటికొచ్చి, "ఏందే ఈ గోల, సిగ్గులేదా? లేవండి!" అని అరిచింది. పాట రెండో మెట్టెక్కింది.

"మేడమ్ముల గోడకి మేకొకటుంది,
మేకుకి చెవుంది, తాళమో తాళం!
నీళ్ళు తాగు తాగంటారు తాళమో తాళం!
తాగి యాడికి పోయేది, తాళమో తాళం!"

ప్రిస్కిల్లాకి మొహం మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది.

"చందనా! మీరు పోవాల్సింది ఇటు కాదే. సార్ గది అటుంది."

చందన కంచం మీద చెయ్యి ఆపింది. లేచి, ఎప్పట్లాగే కళ్ళలోకి చూసింది.

"సార్ దగ్గరికి ఎందుకు మేడం? సార్ మొగోడు. ఆయనకేం తెలుసుద్ది? మీకు తెలుసుగా."

కోపంగా అనలేదు ఆ పిల్ల. ఉన్నదున్నట్టు అంది.

ప్రిస్కిల్లా జూన్‌లో అడిగానని చెప్పబోయింది. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో సెలవు పెట్టకుండా మానేశారని తను నిన్ననే నిలబెట్టిన పిల్లలున్నారు. అరచెయ్యంత గోడ కోసం మూడు రోజులుగా కత్తి దూస్తున్న మనిషి, రోజూ ఆ మేకు దగ్గరికి పోయి వస్తూనే ఉంది.

ఉపేంద్రగారు వరండా పొడుగునా పరుగులాంటి నడకతో వచ్చారు. "ఏంది ఇది? రేపు ఆఫీసరొస్తుంటే ఇయ్యాళ ధర్నానా? ఎవరు నేర్పారు వీళ్ళకి? ఏం ఆరోగ్యమ్మా, నీకు వంట పని ఉండొద్దా?"

"ఉడికేదాకా ఉడికింది సారూ. ఇంక దించాల," అంది ఆరోగ్యమ్మ రోకలి వదలకుండా.

"నేనే నేర్పాను సార్," అంది ప్రిస్కిల్లా. "గోడమీద ఆ తెల్లచోటు ఉందే, అక్కడివాళ్ళ పద్ధతి ఇది."

"ఆ ఖాళీలోంచి వచ్చిందా ఇదంతా?"

"ఖాళీ కాదని మూడు రోజుల్నించి చెప్తానే ఉన్నా సార్."

సున్నం బకెట్టు దగ్గర ఇన్నయ్య గట్టిగా దగ్గాడు. దగ్గినట్టు నవ్వడం ఆయనకి బాగా వచ్చు.

ప్రిస్కిల్లా లోపలికి పోయింది. పిల్లలు మెడలు సాచి చూశారు. మేకునుంచి తాళంచెవి తీసింది, వెనక్కి పోయి టీచర్ల గదికి తాళం వేసింది, లాగి చూసింది. వచ్చి చెవి ఉపేంద్రగారి చేతిలో పెట్టింది.

"ఇది కూడా మీ దగ్గరే ఉంచండి సార్. పిల్లలకి ఎప్పుడు తీస్తే మాకూ అప్పుడే తియ్యండి."

"ఓసి నీ దుంపతెగ! నాకు షుగరే!" అని నీరజ గుమ్మంలో లబలబలాడింది.

"అయితే నువ్వు పిల్లలకంటే ముందు కూర్చోవాల అక్కా."

అని ప్రిస్కిల్లా మెట్లు దిగి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ కింద సర్దుకుని, చందన పక్కన మట్టిలో కూర్చుంది. పక్కపిల్ల కంచం ఒకటి ఆమె ఒళ్ళో పెట్టింది. నీరజ కాసేపు హెడ్మాస్టరునీ, కాసేపు వెనకగది వైపూ చూసి, చెయ్యి కడుక్కునొచ్చి, మూలుగుతూ కింది మెట్టుమీద కూలబడింది. రోకలి మళ్ళీ లేచింది.

ఉపేంద్రగారు చేతిలో చెవి పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరు టీచర్లు, బడిలోని ఆడపిల్లలంతా, వాళ్ళ నోట్లో తన టైల్సు. పాట నాలుగోసారి మొదటికి వచ్చింది. ఆయన జేబులోంచి రెండో తాళంచెవి తీశారు. "ఆపండి. ముందు ఆపండమ్మా! తీస్తన్నా!"

అందరూ ఆయన వెనకే నడిచారు. తాళం తీశారు. తలుపు తెరుచుకుంది. లోపల ఫోటోలో ఉన్నట్టే ఉంది, తెల్లగా, కొత్త సున్నం వాసనతో. చందన ముందుకెళ్ళి పంపు తిప్పింది. పంపు ఒక్కసారి తుస్సుమని గాలి వదిలి ఊరుకుంది. ఇంకోటి తిప్పింది. అదీ అంతే. ప్రిస్కిల్లా బయటికొచ్చి గోడ వెంబడి చూసింది. టాంకు నుంచి దిగాల్సిన పైపు, గోడ సగంలో మొండిగా ఆగిపోయి ఉంది. రోజూ ఫోటో తీసిన మనిషికి ఫోటోలో పడని పైపు ఏం కనబడుతుంది!

"నాకు... కాంట్రాక్టరు అయిపోయిందన్నాడే!" అన్నారు ఉపేంద్రగారు. మొదటిసారి ఆయన గొంతు హెడ్మాస్టరు గొంతులా లేదు.

చందన కొంగు దోపుకున్నట్టు చున్నీ నడుముకి బిగించి, ఆ మెరిసే టైల్సు గుమ్మం ముందు మళ్ళీ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనక ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు.

ప్రిస్కిల్లా చందన పక్కకి జరిగి కూర్చుని, కంచం తిరగేసి పట్టుకుంది.

"ఈసారి నేనెత్తుకుంటా. మొదటి ముక్క అందించు. మిగతాది నేనే కడతా."

ఉపేంద్రగారు అప్పటికే సున్నం సంగతి మర్చిపోయి, ఊళ్ళో ప్లంబరుకి చేసిన ఫోన్ చెవికి పెట్టుకుని, ఇంకో చెవి మూసుకుని నిలబడ్డారు. "మౌలాలీ, అన్నం తింటన్నావా? చెయ్యి కడుక్కుని పైపుల సామాను తీసుకుని రా. రేపు కాదయ్యా, ఇప్పుడే... ఏం మోతా? నువ్వొస్తేగానీ ఆ మోత ఆగదు, రా!"